మా అత్తయ్య జలుబు గది

ఈమధ్య ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కంచం పక్కన ఒక చెంచా పెడుతున్నారు. పెట్టేవాళ్ళు మర్యాదస్తులే, కాదనను. కానీ గోంగూర పచ్చడి అన్నాన్ని చెంచాతో కలపడమంటే గొడుగుతో పొలం దున్నడం లాంటిది. పని జరుగుతున్నట్టే ఉంటుంది, జరగదు. మొన్న ఒక గృహప్రవేశంలో నేను చెంచాను పక్కకు నెట్టి చెయ్యి పెట్టేసరికి, ఎదురుగా కూర్చున్న ఆరేళ్ళ పిల్ల నా వేళ్ళవైపు కాసేపు చూసి, "తాతగారూ, కడుక్కున్నారా?" అని అడిగింది. కడుక్కున్నానమ్మా అన్నాను. నమ్మలేదు. ఆ అనుమానం నాకు కొత్త కాదు. అరవైల్లో తెనాలిలో ఒకావిడ నన్ను రోజుకు నాలుగుసార్లు అదే ప్రశ్న అడిగేది, ఆవిడా నమ్మేది కాదు.

ఆవిడ మా మేనత్త, నాన్నకు అక్కయ్య. రేపల్లెలో కాపురం చేసి, భర్త పోయాక, నేను పుట్టకముందే తెనాలి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ పొద్దున్నే పాసింజరెక్కి చుండూరు బళ్ళో పాఠాలు చెప్పడానికి పోయేది. నాన్న కొల్లిపర దగ్గరున్న పొలానికి సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. వాళ్ళిద్దరూ సాయంత్రాలు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళంటే పెద్ద అబద్ధం కాదు. నన్నూ, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదైన చెల్లెల్నీ పెంచిందీ, ఇల్లు నడిపిందీ అత్తయ్యే.

ఆవిడకు ఉబ్బసం. వానలు మొదలైతే చాలు, ఆవిడ ఛాతీలోంచి సన్నగా ఈల వినపడేది. మా వీధి చివరుండే డాక్టరుగారు ఒకసారి ఆవిడను చూసి, సామాను సర్దుకుంటూ నాన్నతో, "ఈవిడకి గట్టి జలుబు రానివ్వకండి. మీకూ నాకూ అది జలుబు. ఈవిడకి జలుబుతో ఆగదు" అన్నారు. ఇంట్లో అందరం విన్నాం. నేనూ విన్నాను. ఆ మాట ఇక్కడే రాసిపెడుతున్నాను. ఎందుకంటే తరవాత నేను విననట్టు ప్రవర్తించాను.

డాక్టరుగారు చెప్పకముందే అత్తయ్యకు ఒక పద్ధతి ఉండేది. చూసినవాళ్ళు మడి అనుకునేవాళ్ళు. మడి కాదు. మా ఊళ్ళో బయటినుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి అడుగుపెట్టకముందు కాళ్ళు కడుక్కుంటారు, మడమ తడవకపోతే శని పట్టుకుంటుందని భయం. చేతుల సంగతి ఎవరికీ పట్టదు. మా అత్తయ్య శనిని ఆయన మానాన వదిలేసి వరస మార్చింది. గుమ్మం పక్కన నీళ్ళ గోలెం, దాని మీద చెంబు, పక్కన కొబ్బరిచిప్పలో సబ్బుముక్క. ముందు చేతులు, తరవాతే కాళ్ళు. పక్కింటి కొత్త కోడలు ఒకరోజు విసుక్కుంది.

"కాళ్ళు కడుక్కున్నాగా పిన్నిగారూ, చాలదా ఏంటి?"

"కాళ్ళతో ముక్కు తుడుచుకుంటావా అమ్మాయ్?"

కోడలు చేతులు కడుక్కుంది. తరవాత నెల్లాళ్ళు మా గడప తొక్కలేదు. అత్తయ్య దానికేం బాధపడలేదు, జలుబుల కాలం కదా, మంచిదే అంది.

గూట్లో ఎవరి గ్లాసు వాళ్ళకు విడిగా బోర్లించి ఉండేది. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. తుమ్మొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకోవాలి. "తుమ్ము నీది, నీ దగ్గరే ఉంచుకో, ఊరందరికీ పంచకు" అనేది. ఊరికే కళ్ళూ ముక్కూ రుద్దుకుంటే చేతి మీద ఒకటి పడేది. ఊళ్ళో జ్వరాలని తెలిస్తే మాకు సినిమాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు. కిటికీలు మాత్రం ఏ కాలమైనా తెరిచే ఉండాలి. ఒక చలికాలం పొద్దున నాన్న దుప్పటి తలమీదుగా లాక్కుని, "అక్కయ్యా, మనం ఇంట్లో ఉన్నామా, పొలంలో ఉన్నామా?" అని అడిగాడు.

"ఇంట్లోనే ఉన్నావు. పొలంలో ఉంటే ఈపాటికి లేచేవాడివి" అంది అత్తయ్య.

నాన్నకు వరసకు బావ ఒకాయన కాకుమాను నుంచి దగ్గుతూ వచ్చాడు. అరుగు మీదే కుర్చీ వేయించి, కాఫీ, భోజనం, తాంబూలం అన్నీ అక్కడికే పంపి, కిటికీలోంచి క్షేమసమాచారాలు అడిగి, సాయంత్రం బస్సుకు సాగనంపింది. తెనాలిలో మనవాళ్ళు నన్ను రైల్వే ప్లాట్‌ఫారం మీద దించి ప్లాట్‌ఫారం మీదే ఎక్కించారని ఆయన ఊళ్ళో చెప్పుకున్నాడట. అందులో అతిశయోక్తి లేదు.

రేపల్లె నుంచి మొదటి బండిలో ఒకావిడ చేపల గంప తెచ్చేది. వాళ్ళది సముద్రం వైపు పల్లె. వీధులన్నీ తిరిగి ఎండెక్కాక మా అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగేది.

"చేతులు కడుక్కుని తాగవే."

"పొద్దుట్నించీ నీళ్ళల్లోనే ఉన్నాయక్కా ఈ చేతులు. ఇంకా ఏం కడుగుతాను?"

"అవి చేపలకి కడిగావు. ఇప్పుడు నీకు కడుక్కో."

"మీ ఇంట చేప అమ్మటానికి రాటం బళ్ళో చేరినట్టుంది తల్లీ" అంటూనే కడుక్కునేది. ఆ పల్లెలో తన పిల్లల చేత కూడా కడిగిస్తున్నానని కొన్నాళ్ళకు తనే చెప్పింది. అత్తయ్య ఆ పూట ఆవిడతో బేరమాడలేదు. నాకు తెలిసి అత్తయ్య బేరమాడకుండా చేప కొన్నది ఆ ఒక్కరోజే.

ఇక జలుబు గది. వసారా చివర చిన్న గది ఒకటి ఉండేది, పూర్వం వడ్ల బస్తాలు వేసేవాళ్ళట. ఒక తలుపు, వసారాలోకి ఒక కిటికీ. ఇంట్లో ఎవరికి ముక్కు కారినా, ఒళ్ళు వెచ్చబడినా, తగ్గాక ఇంకో రెండు రోజులు గడిచేదాకా ఆ గదిలోనే. కంచం గుమ్మం దగ్గర పెట్టి అత్తయ్య నాలుగడుగులు వెనక్కి వెళ్ళేది. తిన్నాక కంచమూ గ్లాసూ మరిగే నీళ్ళలో పడేవి. మిరియాల పాలు, వేడినీళ్ళ ఆవిరి, పడుకోవడం, ఇంతే వైద్యం. నేను దానికి అతిథిగృహం అని పేరు పెట్టి, ఆ గది తలుపు మీద సుద్దతో నియమావళి రాశాను. మొదటి నియమం, అతిథులు తమ తుమ్ములను తామే తెచ్చుకోవలెను. అత్తయ్య చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు చివర దగ్గొచ్చింది. ఇంట్లో హాస్యానికి నేనే అధికారిని, ఆవిడే ప్రేక్షకురాలు. దగ్గొచ్చేదాకా నవ్విస్తే ఆ పూటకు నేను నెగ్గినట్టు లెక్క. డాక్టరు మాట విన్నవాడు పెట్టుకోవలసిన లెక్క కాదని అప్పట్లో తోచలేదు.

ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో ఒకేసారి చెప్పింది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆవిడ అత్తవారి తరఫున ఏదో కార్యానికి ఆవిడను రేపల్లె తీసుకెళ్ళాను. బండి ఖాళీగా ఉంది. భట్టిప్రోలు దాటాక ఉన్నట్టుండి, "నాకొక పిల్లాడుండేవాడు, తెలుసుగా" అంది. తెలుసు, కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

"మూడేళ్ళు. మా ఆయన తరఫు పెద్దాయన దగ్గుకుంటా వచ్చాడు. వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన గ్లాసులో పాలు తాగించాడు. ప్రేమే పాపం. నేను గుమ్మంలో నిలబడి చూస్తన్నా. వద్దనాలనిపించింది. పెద్దాయన్ని ఏమంటాం?"

"తరవాత?"

"తరవాతేముంది. తొమ్మిది రోజులు."

"గ్లాసు వల్లేనని డాక్టరు చెప్పాడా అత్తయ్యా?"

"ఎవరూ చెప్పలా. నేనే చూశా."

రేపల్లె వచ్చేదాకా నేను ఏ జోకూ వెయ్యలేదని గుర్తు. నా జీవితంలో అలాంటి ప్రయాణాలు తక్కువ.

ఇంత పద్ధతిలోనూ ఒక్క కంత ఉంది. ఆ కంత పేరు ఆదివారం మధ్యాహ్నం.

ఆదివారం అందరం ఇంట్లో ఉండేవాళ్ళం. అత్తయ్య కళాయి పోసిన పెద్ద ఇత్తడి పళ్ళెంలో వేడన్నం కుమ్మరించి, గోంగూర పచ్చడో ఆవకాయో వేసి, నెయ్యి పోసి, మోచేతి దాకా దించి కలిపేది. మేం నలుగురం చుట్టూ కూర్చునేవాళ్ళం, కంచాలుండవు. ఒకరి తరవాత ఒకరికి అరచేతిలో ముద్ద పెట్టేది. ముద్ద నోట్లో వేసుకుని, వేళ్ళు నాకి, మళ్ళీ అదే చెయ్యి చాపేవాళ్ళం. ఆవిడ వేళ్ళు మా అరచేతులకు తగిలి మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళేవి. మా అందరిదీ అయ్యాక అడుగున మిగిలింది అదే పళ్ళెంలో ఆవిడ తినేది. మిగతా ఆరు రోజులూ గ్లాసు మారితే ఊరుకోని మనిషి, ఆదివారం అయిదుగురినీ ఒకే పళ్ళెంలోకి దించేది. ఆవిడ దృష్టిలో ఎంగిలి అంటే మూతి తగిలింది. చేతిలో పెట్టిన ముద్దకు ఎంగిలేమిటి? మా జిల్లాలో ఏ ఇంట అడిగినా అదే చెబుతారు. ఆ కంత మాలో ఎవరికీ కనపడలేదని చెప్పగలిగితే బాగుండేది. నాకు కనపడాలి. నేను బాపట్లలో చదువుకుంటున్నాను.

బాపట్లలో నా చదువు వ్యవసాయం. అందులో పైర్లకు వచ్చే తెగుళ్ళ గురించి ఒక పేపరు. పొగాకుకు మొజాయిక్ అనే తెగులు వస్తుంది. అది గాల్లో ఎగిరి రాదు, చేతులతో వస్తుంది. తెగులున్న మొక్కను ముట్టుకున్న మనిషి అదే చేత్తో పక్క మొక్కను ముట్టుకుంటే చాలు, వరసంతా పాకుతుంది. అందుకని నారుమడిలో దిగేముందు మనుషులు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తెగులు మొక్కను మిగతావాటికి దూరంగా తీసెయ్యాలి. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. బొమ్మ కూడా గీసి, వరస మొక్కలనూ వాటి మీదుగా పోయే చేతినీ బాణం గుర్తులతో చూపించాను. మాస్టారు చాలా మెచ్చుకున్నారు. పొగాకు మొక్క విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

అరవైలు ముగుస్తున్న రోజులు. ఆ వానాకాలం ఫ్లూ జ్వరం అన్ని ఊళ్ళకూ వచ్చింది. బాపట్లలో మేం నలుగురం ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ముగ్గురు ఒకరి తరవాత ఒకరు పడ్డారు. వానకు కిటికీ మూసి, ఒకే కూజా, ఒకే గ్లాసుతో కాలక్షేపం చేశాం. అత్తయ్య చూస్తే ఆ గదిని తగలబెట్టించేది. నాలుగోవాణ్ణి నేను. రెండు రోజులు ఒళ్ళు కాలి, మూడోరోజుకు తగ్గినట్టే తగ్గింది. గొంతు బొంగురు, ముక్కు కొంచెం, సాయంత్రమయ్యేసరికి కాస్త వెచ్చదనం. తక్కువచేసి మాట్లాడటం నాకు అలవాటు కాబట్టి దాన్నంతా "ఏం లేదు" అని తేల్చేశాను. ఆ మర్నాడు శనివారం. పాసింజరెక్కాను.

ఎందుకు ఎక్కానని తరవాత నన్ను నేనే చాలాసార్లు అడిగాను. జవాబు సిగ్గుపడేంత చిన్నది. రెండు నెలలుగా ఇంటికి రాలేదు. ఆదివారం ముద్దలు తినాలనిపించింది. జలుబుందని చెబితే అతిథిగృహంలో పడేస్తుంది, కంచం గుమ్మం దగ్గర పెట్టి నాలుగడుగులు వెనక్కి పోతుంది. అంత దూరం వచ్చి నాలుగడుగుల దూరంలో ఉండడం నాకిష్టం లేదు.

గుమ్మం దగ్గర చేతులు కడుక్కున్నాను, సబ్బుతో, రెండుసార్లు. చట్టానికి లోబడ్డానన్న తృప్తి కూడా కలిగింది. అత్తయ్య తువ్వాలు అందిస్తూ ఆగింది.

"గొంతేంటిరా అట్టా ఉంది? జలుబు చేసిందా?"

"లేదత్తయ్యా. మా మాస్టారుకి పాఠం చెప్పడానికి గొంతు లేకపోతే నాది ఎరువిచ్చా. సోమవారం తిరిగిస్తానన్నాడు."

ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. దగ్గొచ్చేదాకా నవ్వింది. నేను నెగ్గాను.

మర్నాడు మధ్యాహ్నం వాన. ఎదురుగాలికి జల్లు లోపలికి కొడుతోందని ఆ ఒక్కపూటా కిటికీలు మూశారు. పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. గోంగూర, వేడన్నం. కారానికి ముక్కు కారుతోందని పైకి అంటూ ఎడమచేతి తువ్వాలుతో తుడుచుకున్నాను. రెండుసార్లు దగ్గొచ్చింది. ఒకసారి తువ్వాలు అందింది. ఒకసారి అందలేదు, కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తరవాత ఆ చెయ్యే చాపాను. అత్తయ్య అందులో ముద్ద పెట్టింది.

బాణం గుర్తులతో సహా నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తొచ్చిందా అంటే, గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఒక చిన్న దగ్గుకు ఇంత ఆలోచించాలా అనుకున్నాను. అందరం లేచాక ఆవిడ అడుగున మిగిలింది తింది. సోమవారం పొద్దున నేను బాపట్ల వెళ్ళిపోయాను.

శుక్రవారం నాన్న కార్డు వచ్చింది. "మీ అత్తయ్యకు మూడు రోజులుగా జ్వరం. కంగారుపడవలసింది లేదు. వీలైతే రా." మా నాన్న కంగారుపడవలసింది లేదని ఎప్పుడూ రాయడు. కంగారు లేకపోతే అసలు కార్డే రాయడు. మొదటి బండికి బయల్దేరాను.

ఇంటికి వెళ్ళేసరికి గోలెం దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. నేను చెంబు అందుకోబోతుంటే, "సబ్బు అక్కడుంది" అంది. పదకొండేళ్ళ పిల్ల. అత్తయ్య లేచి తిరగడం మానేసిన రోజునుంచి ఆ కొలువు అదే తీసుకుంది.

అత్తయ్య జలుబు గదిలో ఉంది. తనంతట తనే వెళ్ళిందట. మంగళవారం పొద్దున ఒళ్ళు వెచ్చగా తోచగానే, తన గ్లాసూ చాపా పట్టుకుని లోపలికి పోయి, అమ్మను గడప దాటి రావద్దంది. "నువ్వు బళ్ళో పిల్లల మధ్య తిరిగేదానివి, అరవైమందికి పంచుతావు" అందట. నాన్న ఆ మాట వినలేదు. మూతికి కండువా కట్టుకుని వెళ్ళి ఆవిడను లేపి కూర్చోబెట్టేవాడు, ఆవిడ మొహం గోడవైపు తిప్పుకునే మందు మింగేది. చెల్లెలు రోజంతా కిటికీ అవతల వసారాలో పీట వేసుకుని, ఆవిడకు బళ్ళో పద్యాలు అప్పజెబుతూ కూర్చునేదట. డాక్టరుగారు రెండుపూటలా వచ్చి సూదులు వేస్తున్నారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. ఆస్పత్రిలో చేర్పిద్దామని నాన్న అంటే, అక్కడ ఇంకొందరికి అంటిస్తాను, వద్దందట. నియమాలన్నీ తన మీద తనే అమలు చేసుకుంది. ఇంట్లో ఇంకెవరికీ తుమ్ము కూడా రాలేదు.

నేను కిటికీ దగ్గరకు వెళ్ళాను. గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. అయిదు రోజుల్లో మనిషి సగమైంది. ఛాతీలో ఈల వసారా దాకా వినపడుతోంది. లోపలికి రాబోతే చెయ్యెత్తి ఆపింది.

"అక్కడే."

కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఏదైనా ఒకటి చెప్పి నవ్వించాలని దారిపొడుగునా రెండు మూడు సిద్ధం చేసుకుని వచ్చాను. ఆవిడకు దగ్గొస్తుందని భయమేసి ఒక్కటీ చెప్పలేదు. ఆవిడే అడిగింది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"నీకు తగ్గిందా?"

నేను ఒక్కమాట అనవలసింది. తగ్గిందత్తయ్యా అంటే సరిపోయేది. అన్నీ అందులోనే వచ్చేవి. నేనేమన్నానంటే, "నాకేం వచ్చిందత్తయ్యా, తగ్గడానికి?"

ఆవిడ నావైపు కొంచెంసేపు చూసింది. "సరే" అంది. కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున పదిన్నరకు పోయింది. నాన్న పక్కన ఉన్నాడు. మేం ముగ్గురం కిటికీ దగ్గర ఉన్నాం.

చావింటికి జనం వచ్చారు. మావైపు ఆడవాళ్ళు ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తారు. వాళ్ళందర్నీ గోలెం దగ్గరే నిలబెట్టింది చెల్లెలు. కొందరు తిట్టుకున్నారు, కొందరు కడుక్కున్నారు. పక్కింటి కోడలు ఎవరూ చెప్పకుండానే చేతులు కడుక్కుని, తరవాత కాళ్ళు కడుక్కుని, వసారా స్తంభం పక్కన ఒంటరిగా నిలబడి ఏడ్చింది. చేపలావిడ మూడోరోజు వచ్చింది. అరుగు మీద ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని, "ఏం జబ్బు తల్లీ?" అని అమ్మను అడిగింది. జలుబు అంది అమ్మ. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. ఊళ్ళో అందరూ అలాగే చూశారు. అంత జాగ్రత్త మనిషికి జలుబెక్కడ అంటుకుందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అమ్మ తన బళ్ళోంచి వచ్చి ఉంటుందని కుమిలిపోయింది. నాన్న ఎరువుల కొట్టు దగ్గర ఎవడో దగ్గాడని, ఆ రోజు తను చొక్కా విడవకుండా ఇంట్లోకి వచ్చానని, నెలల తరబడి గుర్తుచేసుకున్నాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నేరం ఒప్పుకుంటూ ఉంటే, నేను ఇద్దరినీ ఓదార్చాను. ఓదార్చడంలో నాకు మంచి పేరొచ్చింది.

ఆ నెల తెనాలి అంతటా ఫ్లూ ఉంది. అమ్మ చెప్పినట్టు చుండూరునుంచి రావచ్చు, చేపల గంపతో రేపల్లెనుంచి రావచ్చు, గాలికి రావచ్చు. ఈ వాదన నేను నాకు చాలాసార్లు వినిపించాను. బాగానే ఉంటుంది. వినేవాడు నేనే కావడం వల్ల గెలవడం లేదు.

ఆదివారం ముద్దలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. కలిపే చెయ్యి లేదు, అంతే. చదువయ్యాక నాకు బాపట్లలోనే ఉద్యోగమైంది. రైతులకు తెగుళ్ళ గురించి చెప్పే పని. ఊరూరా తిరిగి, నారుమడిలో దిగేముందు చేతులు కడుక్కోండి అని చెప్పేవాణ్ణి. విసుగు పుట్టకుండా మధ్యమధ్య నవ్వించేవాణ్ణి. ఆయన చెబితే వినబుద్ధేస్తుందండి అనేవాళ్ళు. ఇంట్లో నాకు ముక్కు కొంచెం బరువెక్కినా గదిలోకి పోయి తలుపేసుకుంటాను. నా భార్య దాన్ని సుకుమారం అంటుంది. కాదనలేదు, కారణమూ చెప్పలేదు.

డెబ్బైలు సగం గడిచేసరికి చెల్లెలికి పెళ్ళై, రేపల్లెలో కాపురం. వాళ్ళాయన సముద్రం వైపు పడవల ఇంజన్ల పని చూసేవాడు. పాప పుట్టిన ఏడాది, వానాకాలంలోనే, చూడ్డానికి వెళ్ళాను. వాకిట్లో గోలెం, చెంబు, సబ్బు. కడుక్కున్నాను. గూట్లో గ్లాసులు విడివిడిగా బోర్లించి ఉన్నాయి. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. చెల్లెలు గుమ్మం పక్కన కూర్చుని పాప బట్టలు మడతపెడుతోంది. తెనాలినుంచి రేపల్లె దాకా బండిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన సంగతేదో చెప్పి దాన్ని నవ్వించాను. బాగా నవ్వింది. అత్తయ్య లాగే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

అది చూశాక నాకు మాట ఆగలేదు. ఎనిమిదేళ్ళు దాచింది ఒక్క వాక్యంలో వచ్చేసింది.

"ఆ ఆదివారం నాకు జ్వరం ఉందే."

ఏ ఆదివారం అని అడగలేదు. చిన్న చొక్కా ఒకటి మోకాలి మీద పరిచి, ముడతలు సాగదీసి, మడిచింది.

"తెలుసన్నయ్యా."

"ఎట్లా తెలుసు?"

"అత్తయ్య చెప్పింది, కిటికీలోంచి. ముద్ద పెట్టినప్పుడు నీ చెయ్యి కాలిందంట. అప్పటికే రెండు చుట్లు అయిపోయాయంట. ఇంక లేపి ఏం లాభంలే, ఆశపడి వచ్చాడు, తిననీ అనుకుందంట."

ఉయ్యాల తాడు కిర్రుమంది. పాప కదిలి మళ్ళీ పడుకుంది. నేను నేలవైపు చూస్తూ, "మరి ఇన్నేళ్ళూ నాతో అనలేదేం?" అన్నాను.

"ఒట్టేయించుకుంది. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దంది. నీకసలే చెప్పొద్దంది. తెలిస్తే వాడు జన్మలో మళ్ళీ నవ్వడు, ఎవర్నీ నవ్వించడు అంది. ఆయాసంలో కూడా అదే బెంగ ఆవిడకి."

మడిచిన బట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, లేచి నిలబడి, నా మొహంలోకి చూసింది.

"అనవసరంగా బెంగపడింది. నువ్వు ఒక్కరోజు కూడా మానలేదు."